అన్నం ముట్టనని మొక్కుకున్నాక

ఇది రాస్తున్నది నా కుడిచెయ్యి. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఒకప్పుడు ఈ చెయ్యి నా మాట వినేది కాదు. ఇప్పుడు పెన్ను పట్టుకోమంటే పట్టుకుంటోంది, పెట్టెయ్యమంటే పెట్టేస్తోంది. ఆ రెండోది ఎంత పెద్ద సంగతో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

నా పేరు పద్మ. మాది కాకినాడ పక్కన చిన్న ఊరు. మా ఆయన ఖతార్‌లో గ్యాస్ ప్లాంటులో ఇంజనీరు. అల్ ఖోర్‌లో కంపెనీ ఇచ్చిన క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం, మేమిద్దరం, మా చిట్టి. అప్పుడు దానికి రెండున్నరేళ్ళు. ఒక ప్లాంటు పని అయ్యేలోపే ఇంకో ప్లాంటుకి పునాది పడుతున్న రోజులవి. క్వార్టర్స్‌లోకి వారం వారం కొత్త కుటుంబాలు దిగేవి. ఎవరి నోట విన్నా కొత్త కారు, కొత్త సోఫా, ఊళ్ళో కొన్న స్థలం. అంత సందడి మధ్య నేనొక్కదాన్నే ఎండిపోతూ వచ్చాను. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు.

అక్టోబరు

రంజాన్ నెల. ఆఫీసు వేళలు తగ్గి మా ఆయన మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేవారు. ఒక సాయంత్రం చపాతీలు ఒత్తుతుంటే పెదాల చుట్టూ చీమలు పాకుతున్నట్టు అనిపించింది. తుడుచుకున్నాను. పోలేదు. కాసేపటికి వేళ్ళ చివర్లకీ ఎక్కాయి.

"ఏమండీ, నా మూతి మీద ఏమైనా ఉందా?"

"పిండి ఉంది," అన్నారు ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

మా పుట్టింట్లో చపాతీ అంటే జ్వరమొచ్చినవాళ్ళకి పెట్టే తిండి. మిగతావాళ్ళకి మూడు పూటలా అన్నమే. అల్ ఖోర్ వచ్చి చూస్తే మన తెలుగువాళ్ళందరూ రాత్రిళ్ళు చపాతీలే. అన్నం తింటే పొట్ట వస్తుందని, షుగరు వస్తుందని భయం. పొద్దున బ్రెడ్డు, బయటికి వెళ్తే ఖుబూజ్ రొట్టె. నలుగురితో పాటు నేనూ అలవాటుపడ్డాను.

కాకినాడలో ఉన్న అత్తయ్యగారికి ఫోన్లో చెప్పాను, చేతులు తిమ్మిరెక్కుతున్నాయని, నీరసంగా ఉంటోందని. ఆవిడ వెంటనే మందు చెప్పారు.

"ఊరుకోకమ్మాయ్. పదకొండు శనివారాలు ఉపవాసం ఉండు. వెంకన్నబాబు చూసుకుంటాడు."

ఉపవాసమంటే మీకు తెలియనిదేముంది. మన ఇళ్ళల్లో ఉపవాసమంటే అన్నం మానెయ్యడం, అంతే. ఉప్మా తినొచ్చు, పూరీలు తినొచ్చు, సేమ్యా పాయసం తాగొచ్చు. ఉపవాసం రోజు వంటింట్లో పని మామూలు రోజు కంటే ఎక్కువే. ఖతార్‌లో శుక్ర, శనివారాలు సెలవు కాబట్టి శనివారం ఆయన కూడా ఇంట్లోనే ఉండేవారు. నా ఉపవాసం పుణ్యమా అని ఆయనకి వారం వారం పూరీలు.

ఇక్కడ ఒక సంగతి సిగ్గు విడిచి రాయాలి. అప్పుడు సిగ్గుపడి దాచినందుకే ఇంత జరిగింది. నాకు కడుపు బాగుండేది కాదు. ఉబ్బరం, రోజుకి నాలుగైదుసార్లు విరేచనాలు. పెళ్ళయి నాలుగేళ్ళయినా ఆ మాట మా ఆయన ముందు నా నోట రాలేదు. బాత్రూంలోకి వెళ్ళి ముందు కుళాయి తిప్పేదాన్ని, చప్పుడు బయటికి వినపడకుండా. ఆయన మాత్రం నీళ్ళు వృథా చేస్తున్నానని విసుక్కునేవారు.

క్లినిక్‌లో డాక్టరుకి చేతుల గురించే చెప్పాను. రక్తం తీసి చూశారు. కాల్షియం తక్కువ, డి విటమిన్ తక్కువ. "ఇక్కడ ఆడవాళ్ళందరిదీ ఇదే కథ. ఏసీలో కూర్చుంటారు, ఎండ తగలదు," అని మాత్రలు రాసిచ్చారు. నేను బాల్కనీలో చేతులు చాపుకుని నిలబడేదాన్ని. పక్కింటావిడ నేను బట్టలు ఆరేసుకోవడానికి వచ్చి మర్చిపోయాననుకుంది.

జనవరి

మూడు నెలలు మాత్రలు మింగాను. కాల్షియం పెరగకపోగా ఇంకాస్త దిగింది. కాళ్ళలో పిక్కలు పట్టేసేవి. మెట్లెక్కుతుంటే మధ్యలో కూర్చుండిపోయేదాన్ని. గాజులు మోచేతి దాకా జారేవి.

"సరిగ్గా వేసుకుంటున్నారా?" అని డాక్టరు అడిగారు, నన్ను కాదు, మా ఆయన్ని.

ఆ ప్రశ్న మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. ఒకరోజు అల్మారా తెరిస్తే మాత్రల అట్ట మీద చిన్న చిన్న పెన్ను గుర్తులు కనపడ్డాయి. రోజుకెన్ని అయిపోతున్నాయో చూడ్డానికి ఆయన పెట్టిన గుర్తులు. ప్లాంటులో మీటర్లు చూసే మనిషి, ఇంట్లో నన్ను చూస్తున్నారు.

"నేను దొంగనా?" అన్నాను.

"దొంగవని ఎవరన్నారు? మందు లోపలికి వెళ్తే లెవెల్ పెరగాలి కదా! పెరగట్లేదంటే నేనేమనుకోవాలి?"

"నేను చస్తున్నాననుకోండి."

అంత మాట అనాల్సింది కాదు. ఆయన భోజనం సగంలో లేచి వెళ్ళిపోయారు. కానీ అప్పటికి నాకు నిజంగానే అలా అనిపిస్తోంది.

ఫిబ్రవరి

క్వార్టర్స్ మధ్యలో చిన్న పార్కు ఉండేది. అక్కడ మొక్కలు చూసుకునే నర్సయ్యది జగిత్యాల వైపు పల్లె. నన్ను అక్కా అనేవాడు, నాకంటే పదేళ్ళు పెద్దవాడైనా సరే. వాళ్ళావిడ తను ఖతార్‌లో ఉన్నాడని ఎన్నిసార్లు చెప్పినా ఊళ్ళో అందరికీ దుబాయ్ అనే చెప్తుందని నవ్వేవాడు.

ఆ సాయంత్రం చిట్టి ఉయ్యాల దిగి రోడ్డు వైపు పరుగెత్తబోయింది. చటుక్కున దాని మణికట్టు పట్టుకున్నాను. అంతే. నా చెయ్యి బిగుసుకుపోయింది.

"అమ్మా, వదులు," అంది.

"వదులుతున్నా తల్లీ."

వదలడం లేదు. వేళ్ళకి చెప్తున్నాను, వేళ్ళు వినడం లేదు. బొటనవేలు లోపలికి నొక్కుకుపోయింది. వదలాలనుకున్నకొద్దీ ఇంకా బిగుస్తోంది. చిట్టి ఏడుపు కేకల్లోకి మారింది. నర్సయ్య నీళ్ళ పైపు కింద పారేసి పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, ఇడువక్కా! పోరి ఏడుస్తున్నది!"

"నా వల్ల కావట్లేదు నర్సయ్యా!"

అతను నా మొహం చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని, చిటికెన వేలితో మొదలుపెట్టి ఒక్కొక్క వేలే విప్పాడు. విప్పుతూ చిట్టితో అంటున్నాడు, "ఏం గాలె బిడ్డా. అమ్మ చెయ్యి తిమ్మిరెక్కింది, గంతే. గిప్పుడే అయిపాయె."

చిట్టి మణికట్టు చుట్టూ నాలుగు వేళ్ళ గుర్తులు మర్నాటికి నీలంగా తేలాయి. అవి వారంలో పోయాయి. కానీ ఆ రోజు తర్వాత నేను చెయ్యి చాపితే చిట్టి తన చేతులు వెనక్కి పెట్టేసుకునేది. అన్నం పెడతానన్నా, స్నానం చేయిస్తానన్నా ముందు నా చేతుల వైపు చూసేది. నా రోగంలో నేను పడ్డ బాధల్లోకెల్లా పెద్ద బాధ అదే.

సంగతి తెలిసి అత్తయ్యగారు ఫోను చేశారు. "పిల్లని కొన్నాళ్ళు నా దగ్గర ఉంచండి. దానికి ఒంట్లో కుదుటపడ్డాక చూద్దాం," అని కొడుకుతో అంటున్నారు. ఆ 'దానికి' అంటే నాకు. ఆవిడ ఈ మాట కోసమే కాచుక్కూర్చున్నారని నాకనిపించింది. కాదనడానికి మాత్రం నా దగ్గర ఏముంది? చూపించడానికి ఈ చేతులేగా.

మార్చి

మా ఆయన వారం సెలవు పెట్టి చిట్టిని కాకినాడ తీసుకెళ్ళారు. గుమ్మం దగ్గర అది వాళ్ళ నాన్న భుజం మీంచి నాకు చెయ్యి ఊపింది. దగ్గరికి రమ్మంటే మాత్రం ఆయన మెడ వదల్లేదు.

వాళ్ళు వెళ్ళాక వంటింట్లో దేవుడి అర ముందు నిలబడ్డాను. పదకొండు శనివారాలు ఎప్పుడో అయిపోయాయి, ఫలితం లేదు. ఈసారి గట్టిగా మొక్కాలి అనుకున్నాను. నాకు అన్నమంటే ప్రాణం. వేడి అన్నంలో ఆవకాయ కలుపుకుంటే నాకు పండగే అక్కర్లేదు. ఇష్టమైనదే కదా వదలాలి. దీపం వెలిగించి పైకే అన్నాను, "స్వామీ, నా బిడ్డ తిరిగొచ్చి ఈ ఇంటి గడప తొక్కేదాకా అన్నం ముట్టను."

ఆయన తిరిగి వచ్చాక చెప్తే పెద్దగా పట్టించుకోలేదు. "చపాతీ ఉందిగా, అదే మంచిది," అన్నారు.

అలా రోజుకున్న ఆ ఒక్క పూట అన్నం కూడా పోయింది. పొద్దున బ్రెడ్డు, మధ్యాహ్నం బొంబాయిరవ్వ ఉప్మా, సాయంత్రం బిస్కెట్లు, రాత్రి చపాతీ.

ఏప్రిల్, మే

ఈ రెండు నెలలూ రోజుల వారీగా గుర్తులేవు. కుర్చీలు గుర్తున్నాయి. దోహాలో ఆస్పత్రుల్లో వరసగా బిగించిన ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద నంబర్లు మారే బోర్డు, మన నంబరుకి ఇంకా ముప్పై ఉండడం. ఒక కుర్చీలో తలకి కట్టుతో నేపాలీ కుర్రాడు, ఇంకో దాంట్లో నల్ల అబాయా వేసుకున్న ముసలావిడ. ఆవిడ ఒకసారి నా చెయ్యి బిగుసుకోవడం చూసి తన సంచిలోంచి ఖర్జూరాలు తీసి నా ఒళ్ళో పోసింది. అరబీలో ఏదో అంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏడుపొచ్చింది.

చేతులు కొయ్యబారినప్పుడల్లా సెలైన్‌లో కాల్షియం ఎక్కించేవాళ్ళు. నరంలోకి వెళ్తుంటే ఒళ్ళంతా వేడి పాకి, వేళ్ళు ఒక్కొక్కటే తెరుచుకునేవి. నాలుగు రోజులు బాగుండేది. మళ్ళీ మొదలు. ఒక డాక్టరు నరాలన్నారు. ఒకరు పిల్ల దగ్గర లేని దిగులన్నారు, నిద్రమాత్రలు రాశారు. ఉపవాసాలుంటానని తెలిసి ఇంకొకరు మండిపడ్డారు, "తినకుండా ఉంటే కాల్షియం ఎక్కణ్ణించి వస్తుంది?" అని. తింటున్నానండీ, అన్నం తప్ప అన్నీ తింటున్నానని చెప్పినా వినలేదు.

తిరుగుదారిలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో మలయాళీ హోటలు దగ్గర కారు ఆపేవారు మా ఆయన. ఆస్పత్రిలో ఓపిగ్గా కూర్చున్నందుకు నాకు పరోటా, టీ. అల్ ఖోర్ చేరేలోపు కడుపు మెలిపెట్టేది. పళ్ళ బిగువున కూర్చునేదాన్ని. ఆయన ప్రేమగా కొనిపెట్టింది, ఏమని చెప్పను?

మే నెలలో నలభై కిలోలకి దిగాను. ఇక బతకననే అనుకున్నాను. భయం కూడా ఒక స్థాయి దాటాక లెక్కలోకి రాదు, పనులు గుర్తొస్తాయి. చిట్టికి ఏవి ఇష్టమో ఒక నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాను, నేను పోయాక పెంచేవాళ్ళకి పనికొస్తుందని. పాలు చల్లగా తాగదు. తల దువ్వేటప్పుడు ఎడమవైపు ముందు దువ్వాలి. ఉరుమంటే భయం, దాన్ని భయపడొద్దని తిట్టకండి. మూడో పేజీలో చెయ్యి బిగిసింది. పెన్ను గీత కాగితం అంచుదాకా పోయింది. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది.

మే చివర

దోహాలో ఆ రోజు చూసిన డాక్టరమ్మది సూడాన్. పొడుగ్గా, నెమ్మదిగా ఉంది. నర్సు కేరళ అమ్మాయి. బీపీ చూడ్డానికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. పట్టీ బిగుస్తున్నకొద్దీ నా వేళ్ళు వాటంతటవే దగ్గరికొచ్చాయి. ముగ్గు పొయ్యడానికి పిండి పట్టుకున్నట్టు, బొటనవేలు లోపలికి, మిగతా నాలుగూ నిటారుగా. నేను సిగ్గుతో చెయ్యి దాచుకోబోయాను.

డాక్టరమ్మ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది. తర్వాత ఫైలంతా తిరగేసింది. నేను కాచుక్కూర్చున్నాను. ఇప్పుడు అడుగుతుంది, మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా అని.

"మీరు మాత్రలు వేసుకుంటున్నారు. నేను నమ్ముతున్నాను," అంది ఇంగ్లీషులో. "మరి అవి ఎక్కడికి పోతున్నాయి?"

ఎనిమిది నెలల్లో నన్ను నమ్ముతున్నానని అన్నవాళ్ళు లేరు. గట్టిగా ఏడ్చేశాను. ఆవిడ కాగితం రుమాలు ఇచ్చి, "మీ కడుపు ఎలా ఉంటుంది?" అని అడిగింది.

నేను మా ఆయన వైపు చూశాను. "బాగానే ఉంటుంది," అన్నాను.

ఆవిడ నన్ను చూసింది, ఆయన్ని చూసింది. "యల్లా, పదండి, మీరు కాసేపు బయట కూర్చోండి," అంది ఆయనతో. తలుపు మూసుకున్నాక మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. అప్పుడు చెప్పాను. కుళాయి సంగతి కూడా చెప్పాను. నర్సు నవ్వు ఆపుకోలేకపోయింది, నేనూ నవ్వాను, ఏడుపులోనే.

రక్తం తీశారు. రెండ్రోజులకి గొంతులోంచి గొట్టం వేసి పేగులోంచి చిన్న ముక్కలు తీశారు. ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. పేగు లోపల తివాచీ మీద నూగులా ఉండాల్సినది నాకు నున్నగా అరిగిపోయింది. అందుకే మాత్రలేం మింగినా, ఏం తిన్నా ఒంటికి పట్టట్లేదు. సీలియాక్ అనే జబ్బు. గోధుమ నా ఒంటికి శత్రువు.

"గోధుమ మానేస్తాను. ఉప్మా తినొచ్చా?" అన్నాను.

ఆవిడకి ఉప్మా తెలీదు. నర్సే హిందీలో అడిగింది, "దీదీ, రవ్వ దేంతో చేస్తారనుకున్నారు? అది గోధుమే. మైదా గోధుమే. సేమ్యా గోధుమే."

ముప్పై ఏళ్ళదాన్ని, వంట చేసే మనిషిని. రవ్వంటే రవ్వ అనుకున్నాను, మైదా అంటే మైదా అనుకున్నాను. పదకొండు శనివారాలు, ఆ తర్వాత మూడు నెలలు, బతికించమని దేవుణ్ణి అడుగుతూ తిన్నదంతా ఒక్కసారి కళ్ళముందు కనపడింది.

"మరి ఏం తినాలి?"

"మీకేం, అదృష్టవంతులు," అని నవ్వింది డాక్టరమ్మ. "అన్నం. మూడు పూటలా అన్నం తినండి."

నేను నవ్వలేదు. "అన్నం తినను డాక్టర్," అన్నాను.

మొక్కు సంగతి విని ఆవిడ కోప్పడలేదు. "మా రంజాన్‌లో రోగులు ఉపవాసం ఉండక్కర్లేదు. బాగయ్యాక తీర్చుకుంటారు. దేవుడికి తెలియదా?" అంది. మంచి మాటే. కానీ నేను నా కోసం మొక్కుకోలేదే. బిడ్డ మీద మాటిచ్చాను.

కారులో మా ఆయన స్టీరింగ్ మీద గట్టిగా కొట్టారు. "అన్నం తింటే బతుకుతావంటే తిననంటావేంటే! చిట్టికి అమ్మ కావాలా, మొక్కు కావాలా?"

"మొక్కు తప్పితే, అక్కడ దానికేమైనా అయితే?"

నేను బీకాం చదివాను. పేగు బొమ్మ అర్థమైంది, రిపోర్టు అర్థమైంది. అయినా ముద్ద నోటి దాకా తీసుకెళ్ళడం నా వల్ల కాదనిపించింది. ఎనిమిది నెలలు ఏ ఒక్కటీ నా చేతిలో లేదు. ఆ మాట ఒక్కటే నేను నిలబెట్టుకుంటున్నది. ఆయన కారు పక్కకి ఆపి, మొహం తిప్పుకుని ఏడ్చారు. తర్వాత వాళ్ళమ్మకి ఫోను చేసి అంతా చెప్పారు.

"ఫోను దానికివ్వు," అన్నారు అత్తయ్యగారు. చీవాట్లకి సిద్ధపడి తీసుకున్నాను.

"అమ్మాయ్, ఏమని మొక్కుకున్నావు? స్వామి ముందు ఏ మాట అన్నావో ఆ మాటే చెప్పు."

"నా బిడ్డ తిరిగొచ్చి ఈ ఇంటి గడప తొక్కేదాకా అన్నం ముట్టనన్నానండీ."

"నీకు నయమయ్యేదాకా అన్లేదు కదా?"

"అన్లేదు."

"ఈ ఇల్లంటే అక్కడి ఇల్లేగా?"

"ఊఁ."

"అయితే ఇంకేం. వీసాకి ఏమేం కాయితాలు కావాలో వాణ్ణి కనుక్కోమను. పిల్లని నేను తీసుకొస్తాను. అప్పటిదాకా దుంపలు తిను."

ఆవిడ విశాఖపట్నం దాటి ఎరగరు. మోకాళ్ళ నొప్పులతో గుడి మెట్లే ఎక్కలేరు. నా బిడ్డని లాక్కుందని నేను మూడు నెలలుగా తిట్టుకుంటున్న మనిషి ఆవిడే.

జూన్

వీసా రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. గోధుమ లేదు, అన్నం లేదు. ఉడికించిన బంగాళాదుంపలు, అరటిపళ్ళు, బియ్యం కలపని పెసరట్లు. నర్సయ్యకి సంగతి తెలిసి ఒక శుక్రవారం సంచినిండా చిలగడదుంపలు పట్టుకొచ్చాడు.

"కందగడ్డలక్కా. మా దిక్కు శివరాత్రికి ఉపాసముంటే గివే తింటం. రొట్టెలు, పూరీలు తింటే గది ఉపాసమెట్లయితది?" అన్నాడు.

పది రోజులు దాటేసరికి కడుపులో రొద తగ్గింది. ఒక ఉదయం మెట్ల మధ్యలో కూర్చోకుండా పైకి ఎక్కేశాను. ఎక్కాక గానీ గమనించలేదు. మాత్రల మీద ఇప్పుడు ఎవరూ గుర్తులు పెట్టట్లేదు. ఆయనే మంచినీళ్ళతో తెచ్చి ఇచ్చి, పక్కన కూర్చుంటున్నారు.

ఇది చదువుతున్నవాళ్ళకి ఒక్క మాట. కాల్షియం మాత్రలు మింగినా పెరగట్లేదంటే, మింగట్లేదని ఇంట్లోవాళ్ళని అనుమానించకండి. కడుపు సంగతి డాక్టరుకి చెప్పండి, అడక్కపోయినా చెప్పండి. అందరికీ నా జబ్బే ఉంటుందని కాదు. మీ అంతట మీరు తిండి మానెయ్యమనీ కాదు, పరీక్ష చేయించుకోండి. ఈ జబ్బే అని తేలితే ఇంగువ డబ్బా మీద కూడా ఏముందో చదవండి. అందులో గోధుమపిండి కలుపుతారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చేతులు బిగుసుకునే ఆడమనిషిని చూసి దిగులని, నటన అని అనే ముందు ఒక్క క్షణం ఆగండి.

వాళ్ళు వచ్చిన రోజు బయట నిప్పులు చెరిగే ఎండ. నేను గుమ్మం లోపలే నిలబడ్డాను. అత్తయ్యగారు పట్టుచీర కట్టుకుని, కుంటుకుంటూ వచ్చారు. ఆవిడ కొంగు వెనక చిట్టి. సన్నగా పొడుగైంది. రెండు జడలు. నన్ను చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"కుడికాలు పెట్టవే," అన్నారు ఆవిడ. చిట్టి గడప మీద కాలు పెట్టింది. ఆవిడ దేవుడి అర ఎక్కడుందో కొడుకుని అడిగి, ఆ వైపు తిరిగి దణ్ణం పెట్టారు. "తొక్కింది స్వామీ. చూశావుగా."

సూట్‌కేసు విప్పకుండానే వంటింట్లోకి వెళ్ళారు. అన్నం వార్చారు, పప్పు వండారు. నన్ను కూర్చోబెట్టి నెయ్యి వేసి కలిపి మొదటి ముద్ద తనే నోట్లో పెట్టారు. మూడు నెలల తర్వాత అన్నం. మింగకుండా కాసేపు నోట్లోనే ఉంచుకున్నాను.

"ఉపవాసాలుండమన్నది నేనే కదే," అన్నారు ఆవిడ మెల్లిగా.

"మీకేం తెలుసత్తయ్యా. డాక్టర్లకే తెలీలేదు."

ఆవిడ కళ్ళు తుడుచుకుని కంచం నా చేతికిచ్చి లేచారు. నేను చిన్న ముద్ద చేసి చిట్టి వైపు చాపాను. అది రాలేదు. నా వేళ్ళనే చూస్తోంది. ముద్ద కంచంలో పెట్టేసి, చెయ్యి కడుక్కుని వచ్చి, నేల మీద కూర్చుని, ఖాళీ అరచెయ్యి తెరిచి పెట్టాను.

చాలాసేపటికి చిట్టి దగ్గరికొచ్చింది. చూపుడువేలితో నా అరచేతిని ఒకసారి పొడిచింది. వెనక్కి తగ్గింది. మళ్ళీ వచ్చి, తన మణికట్టు తీసుకొచ్చి నా అరచేతిలో పెట్టింది.

"పట్టుకో," అంది.

పట్టుకున్నాను.

"ఇప్పుడు వదిలెయ్."

వదిలేశాను.

చిట్టి తన చెయ్యి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నా మొహంలోకి చూసింది. మళ్ళీ మణికట్టు నా అరచేతిలో పెట్టి, "మళ్ళీ," అంది.

ఆ మధ్యాహ్నం నాతో ఆ ఆట ఎన్నిసార్లు ఆడించిందో. ప్రతిసారీ వదిలాను.